అందరికీ ‘శ్వాస 20’ అని రాసే చేతికి నిర్ణయం ఎక్కడి నుంచి వస్తుంది?

హైదరాబాద్‌లో ఓ నర్సింగ్ కాలేజీలో కొత్తగా ట్యూటర్‌గా చేరానని, పిల్లలు క్లాసులో గడగడా చెప్తారు గానీ వార్డులోకి వెళ్తే ఏం చేయాలో తేల్చుకోలేక నిలబడిపోతున్నారని, నిర్ణయం తీసుకోవడం ఎలా నేర్పాలో చెప్పమని అడిగారు.

శ్వాస లెక్కపెట్టించండి మేడం. నిర్ణయాల సంగతి ఆ తర్వాత.

ఏ జనరల్ వార్డులోనైనా టెంపరేచర్, పల్స్, శ్వాస రాసే టీపీఆర్ చార్టులు ఓ పది తిరగేసి చూడండి. పల్స్ ఒకరికి 78, ఒకరికి 92, ఇంకొకరికి 110. టెంపరేచర్లూ వేరువేరుగానే ఉంటాయి. శ్వాస మాత్రం పైనుంచి కిందిదాకా నిమిషానికి 20, 20, 22, 20. వార్డు వార్డంతా ఒకే తాళంలో ఊపిరి తీస్తున్నట్టు! సిస్టర్లకి బద్ధకం అని తేల్చేయడం తేలిక. అసలు సంగతేమిటంటే, పల్స్, బీపీ, ఆక్సిజన్ మిషన్ చూపించేస్తుంది. శ్వాసకి మాత్రం మనిషే ఒక నిమిషం నిలబడాలి. ఆ నిమిషం ఎవరి దగ్గరా లేదు. అందుకే 20 అని రాసి పక్క మంచానికి వెళ్లిపోతారు, పిల్లలు అది చూసి నేర్చుకుంటారు.

ఈ కేసు తీసుకోండి. 54 ఏళ్లాయన, 60 కిలోల మనిషి, పేగు ఆపరేషన్ అయి రెండో రాత్రి. రెండు గంటలప్పుడు భార్య నర్సుల టేబుల్ దగ్గరికి వచ్చి, “సిస్టర్, ఆయనకు నిద్ర పడ్తలేదు. ఊకె లేస్తుండు, కూసుంటుండు. నిద్రగోలి ఏమన్న ఇయ్యుండ్రి” అంటుంది. చార్టులో పల్స్ 104, బీపీ 106/70, టెంపరేచర్ 100.2, ఆక్సిజన్ 95, శ్వాస 20. మనిషి తెలివిగానే ఉన్నాడు, పేరు అడిగితే చెప్తున్నాడు. ఏ స్టూడెంట్‌ని అడిగినా “కుట్ల నొప్పి మేడం, అందుకే నిద్ర పట్టట్లేదు” అంటుంది. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన న్యూస్-2 పట్టికలో, అంటే పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని మార్కులతో తేల్చే పట్టికలో, మార్కులు వేసినా పల్స్‌కి 1, బీపీకి 1, ఆక్సిజన్‌కి 1, మొత్తం 3 వస్తాయి. నాలుగు నుంచి ఆరు గంటల్లో మళ్లీ చూస్తే చాలనే లెక్క.

ఇప్పుడు అదే మనిషి మంచం పక్కన నిలబడి నిమిషం పాటు లెక్కపెడితే 26 తేలిందనుకోండి. 25, ఆపైన ఉంటే ఒక్క శ్వాసకే 3 మార్కులు. మొత్తం 6. అంటే డాక్టర్‌ని వెంటనే పిలవాలి, కనీసం గంటకోసారి చూడాలి. మిగతా అంకెల్లో ఒక్కటీ మారలేదు, మనిషీ మారలేదు. రాసిన 20కీ లెక్కపెట్టిన 26కీ మధ్య ఉన్న తేడా, నిద్రమాత్ర ఇవ్వడానికీ సర్జన్‌ని లేపడానికీ మధ్య ఉన్న తేడా.

ఊపిరితిత్తి అడుగున మూసుకుపోయినా, పేగు కుట్టు దగ్గర లీకైనా, లోపల రక్తం పోతున్నా, ఇన్ఫెక్షన్ ఒంట్లోకి ఎక్కుతున్నా తరచుగా ముందు కదిలేది శ్వాసే. వేగంగా పీలుస్తున్నాడు కాబట్టే ఆక్సిజన్ 95 దగ్గర నిలబడి ఉంది. అది చూసి మనం నిశ్చింతగా ఉంటాం. అలాంటివాడికి నిద్రమాత్ర వేస్తే నిజంగానే కదలకుండా పడుకుంటాడు, అందరూ “హమ్మయ్య, నిద్ర పట్టింది” అనుకుంటారు. ఆపరేషన్ అయినవాడు అటూ ఇటూ మెసులుతుంటే ఆక్సిజన్, రక్తస్రావం, నిండిన మూత్రాశయం, షుగర్ ఈ నాలుగూ చూడనిదే మత్తు మాట ఎత్తకూడదని పిల్లలకి నూరిపోయండి.

లెక్కపెట్టడానికీ ఓ పద్ధతి ఉంది. “మీ ఊపిరి చూస్తాను” అని చెప్పారా, ఆయన ఊపిరి మార్చేసుకుంటాడు. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోండి, పల్స్ అయ్యాక కూడా చెయ్యి వదలకుండా కళ్లు ఛాతీ మీదికి మళ్లించండి. దుప్పటి కప్పుకుని ఉంటే ఆయన చేతినే పొట్ట మీద పెట్టి పట్టుకోండి, చెయ్యి లేచి దిగేది చీకట్లో కూడా తెలుస్తుంది. పూర్తిగా 60 సెకన్లు. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క ఊపిరి తప్పినా నాలుగు తప్పినట్టే. ఆక్సిజన్ క్లిప్పు పెట్టిన చేతికే బీపీ పట్టీ కట్టకండి, పట్టీ బిగిసినంతసేపూ క్లిప్పు పిచ్చి అంకెలు చూపిస్తుంది.

26 అని తేలాక డాక్టర్ వచ్చేలోపు చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు. తలవైపు ఎత్తి కూర్చోబెట్టాలి. నోటికి ఏమీ ఇవ్వొద్దని అటెండెంట్‌కి చెప్పాలి, లేకపోతే ఆవిడ ప్రేమగా నీళ్లు తాగిస్తుంది. బీపీ చేత్తో మళ్లీ చూడాలి. పొట్ట ఉబ్బిందా, గట్టిగా ఉందా, పొట్టలోంచి ద్రవం బయటికి తీసే గొట్టం, అదే డ్రెయిన్‌లో ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చింది చూడాలి. యూరిన్ బ్యాగ్‌లో కిలోకి గంటకి అర మిల్లీలీటరు, అంటే ఈయనకి 30 ఎంఎల్ రావాలి. తక్కువ ఉంటే ముందు ట్యూబు మంచం కింద మడత పడిందేమో చూడాలి. నరంలోకి పెట్టిన కాన్యులా గొట్టం పనిచేస్తోందో లేదో సెలైన్ తోసి చూడాలి. గ్లూకోమీటర్‌తో ఒక చుక్క. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే మొదలుపెట్టాలి. పాత సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) మనిషైతే మాత్రం 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. డాక్టర్ వచ్చేదాకా పావుగంటకోసారి మళ్లీ లెక్క.

ఇక ఫోన్. “సార్, 14వ బెడ్ పేషెంట్ బాలేదు” అంటే నిద్రలో ఉన్న పీజీ డాక్టర్ “సరే, చూస్తా” అని పెట్టేస్తాడు. తప్పు ఆయనది ఒక్కడిదే కాదు. ఇలా చెప్పించండి: “సార్, మేల్ సర్జికల్ నుంచి సిస్టర్‌ని. 14వ బెడ్, పేగు ఆపరేషన్ రెండో రాత్రి. పదింటికి శ్వాస 18, ఇప్పుడు నిమిషం పాటు లెక్కపెడితే 26. పల్స్ 104, బీపీ 106/70, ఈ గంటలో యూరిన్ 20. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంది. మీరు వచ్చి చూడాలి. అరగంటలో రాలేకపోతే ఎవరికి చేయమంటారు?” జబ్బు పేరు నర్సు చెప్పనక్కర్లేదు. ఇందులో ప్రాణమంతా ‘పదింటికి 18, ఇప్పుడు 26’ అన్న మాటలోనూ చివరి ప్రశ్నలోనూ ఉంది. ఫోన్‌లో ఆర్డర్ చెప్తే మందు పేరు, డోసు తిరిగి చదివి వినిపించాలి, కాల్ చేసిన టైము నోట్స్‌లో పడాలి.

టీచింగ్‌కి వస్తే, ఇద్దరు స్టూడెంట్లని ఒకే మంచం దగ్గర నిలబెట్టి విడివిడిగా లెక్కపెట్టి చీటీ మీద రాయమనండి. తేడా రెండు దాటితే మళ్లీ. అంకె చూశాక “ఎంతసేపటికి మళ్లీ చూస్తావు? ఏం మారితే ఫోన్ చేస్తావు?” అని రెండే ప్రశ్నలు. జవాబు ముందే మీరు చెప్పేయకండి, కాసేపు నీళ్లు నమలనివ్వండి. లెక్కపెట్టలేదు మేడం అని ఖాళీ గడి చూపించిన పిల్లని తిట్టొద్దు. ఖాళీ గడి చూస్తే తర్వాతి షిఫ్ట్‌వాళ్లకి చూడాలని తెలుస్తుంది, దొంగ 20 చూస్తే చూడక్కర్లేదని తెలుస్తుంది.

మన కాలేజీల్లో మార్కులు వేటికి వేస్తారో మీకు తెలుసు. ముప్ఫై పేజీల కేర్ ప్లాన్, రంగు స్కెచ్‌పెన్నులతో గీతలు, సీనియర్ ఫైల్లోంచి దించిన నర్సింగ్ డయాగ్నోసిస్. పేషెంట్ పేరు మారుతుంది, మిగతాదంతా తరతరాల ఆస్తి. అందులో నాలుగు పేజీలు చాలు, మిగిలిన టైము మంచం దగ్గర పెట్టించండి.

“రాత్రి ఒక్క సిస్టర్‌కి ముప్ఫై మంచాలు, ఎక్కడ కుదురుతుంది” అంటారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం జనరల్ వార్డులో టీచింగ్ ఆసుపత్రికి ముగ్గురికి ఒకరు, మామూలు ఆసుపత్రికి ఐదుగురికి ఒకరు ఉండాలి. కాగితం మీద సంగతి అది. కానీ ముప్ఫై మందికీ నిమిషం అక్కర్లేదు. ఆపరేషన్ అయి 48 గంటలు దాటనివాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, రక్తం ఎక్కుతున్నవాళ్లు, హ్యాండోవర్‌లో “కొంచెం తేడాగా ఉన్నారు” అన్నవాళ్లు. వీళ్లు ఆరేడుగురు ఉంటారు. రౌండు అక్కడ మొదలవ్వాలి, ఒకటో నంబర్ మంచం నుంచి కాదు. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలన్నది కూడా నిర్ణయమే, పైగా రోజూ తీసుకునేది.

పేషెంట్లకి నేర్పడంలోనూ ఇదే రోగం. “అర్థమైందా అమ్మా?” “ఆఁ, అయింది బిడ్డా.” టిక్కు కొట్టేస్తారు. ఇన్సులిన్ మొదలుపెట్టిన అవ్వ సంగతే చూడండి. మన దగ్గర సీసాలు మిల్లీలీటరుకి 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 సీసా మందుని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 50 యూనిట్లు. అటుదిటైతే, 20కి బదులు 8. చెప్పి ఊరుకుంటే లాభం లేదు. ఇంట్లో సూది వేసేది ఎవరో కనుక్కుని, ఆ కోడలికో మనవడికో సెలైన్ సీసా ఇచ్చి 20 గీత దాకా తీయించండి. పాతబస్తీ నుంచి వచ్చిన ఖాలాకైతే ఉర్దూలో చెప్పేవాళ్లని వెతకండి, సైగలతో కానివ్వకండి.

చెమటలు పట్టి చేతులు వణికితే ఏం చేస్తారని అడగండి. “చాయ్‌ల ఉస్మానియా బిస్కెట్ పెడ్తం” అంటారు. అందులో కొవ్వు ఉంటుంది, షుగర్ మెల్లగా ఎక్కుతుంది. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటకి మళ్లీ చూడాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి తేవాలి. ఇది మీరు చెప్పడం కాదు, వాళ్ల నోటితో వాళ్లు చెప్పాలి. డిశ్చార్జి అయ్యేటప్పుడు మెడికల్ షాప్ కవరు మంచం మీద కుమ్మరించి, సీసా మీద ఉన్నది 40నా 100నా, సిరంజి మూత ఎరుపా నారింజనా మీ స్టూడెంట్ చేత చూపించాకే పంపండి.