ప్రశ్న అడగని అబ్రాహాము

చిరంజీవి మిత్రునికి,

మీ అబ్రాహాము కథ చదివాను. వాక్యరచన మీద మీకు పట్టు ఉంది. మిగతాదంతా నా చిరాకే. హారాను పట్టణం విడిచింది మొదలు, కొడుకు ఇస్సాకును బలివ్వడానికి మోరీయా కొండ ఎక్కేదాకా మీ కథానాయకుడు దేవుణ్ణి ఒక్క ప్రశ్నా అడగడు.

ఆదికాండం 15వ అధ్యాయం మళ్లీ తెరవండి. గొప్ప బహుమానం ఉందని దేవుడంటే అబ్రాము (అబ్రాహాముకు అప్పటి పేరు అదే) పొంగిపోడు. సంతానం లేనివాడికి ఏమిచ్చి ఏం లాభం, దమస్కు ఎలీయెజెరే కదా నా ఆస్తికి కర్త అని నిష్ఠూరమాడతాడు. నక్షత్రాలు చూపించి మాట ఇచ్చాకే నమ్ముతాడు. నమ్మిన రెండు వచనాలకే, ఈ దేశం నాదవుతుందని నాకెలా తెలుస్తుందని మళ్లీ అడుగుతాడు. దేవుడితో నిబంధన, అంటే ఒడంబడిక, కోసం ఖండించి పెట్టిన పశువుల మీద గద్దలు వాలుతుంటే ఆ ముసలాయన వాటిని తోలుతుంటాడు. మీ కథలో ఆ గద్దలేవి?

యూదుల విశ్వాసానికీ, దాన్ని అందుకున్న క్రైస్తవుల విశ్వాసానికీ ఆ నిష్ఠూరమే పునాది అని నా పట్టుదల. విశ్వాసాన్ని సూత్రాలుగా కట్టడం ఎంతో తర్వాతి సంగతి: క్రైస్తవుల నైసీయా సభ ప్రమాణం క్రీ.శ. 325లో వచ్చింది. యూదు పండితుడు మైమోనిడిస్ 13 మూలసూత్రాలు 12వ శతాబ్దంలో వచ్చాయి. అబ్రాము నమ్మిన ఆ ఒక్క వచనాన్నే పట్టుకుని, సున్నతికి ముందే నీతిమంతుడయ్యాడు కనుక అతడు యూదులు కాని అన్యజనులకూ తండ్రేనని అపొస్తలుడు పౌలు రోమా క్రైస్తవ సంఘానికి రాస్తే, అదే వచనాన్ని ఇస్సాకు బలితో ముడిపెట్టి, క్రియలు లేని విశ్వాసం మృతమని కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక (లేఖ) వాదించింది. అంత పెనుగులాట ఉన్నచోట మీకు భక్తి ఒక్కటే కనబడడం నాకు మింగుడుపడలేదు.

పండుగ సంచికల సంపాదకులకైతే అదే కావాలి. వయసులో ఉండగా అన్నీ పోగొట్టుకున్న బైబిలు భక్తుడు యోబు మీద నేను రాసిన కథలో, ఆయన దేవుణ్ణి నిలదీసే పేజీలన్నీ ఒక సంపాదకుడు కొట్టేసి, ఓర్పు మాత్రం మిగిల్చి అచ్చువేశారు. చివరికి దేవుడు, తనను వెనకేసుకొచ్చిన స్నేహితుల మీద కోపగించి, యోబే సరిగా మాట్లాడాడని తీర్పిచ్చిన సంగతి వారికెవరు చెప్పాలి?

పుస్తకం వేయించడం గురించి మరోసారి రాస్తాను. మోరీయా చేరడానికి అబ్రాహాముకు మూడు రోజులు పడితే మీరు ఒక్క వాక్యంలో చేర్చేశారు. దేవుడు నాశనం చేయబోయిన సొదొమ పట్టణం కోసం ఆయనతో 50 మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి 10 మంది దాకా బేరమాడినవాడు, కన్నకొడుకు విషయంలో ఆ నోరే మెదపడు. మొదటినుంచీ మూగవాడైతే ఆ మౌనం పాఠకుణ్ణి ఎలా తాకుతుంది? ఆ బేరం ముందు రాసి, తర్వాత కొండ ఎక్కించి, మళ్లీ పంపండి.

ఆశీస్సులతో.