ఇది ఏ ట్యాంకు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: దిమ్మె మీద నిలబెట్టిన పాత రష్యన్ ట్యాంకు ఫొటో నా దగ్గర ఉంది. పక్కకు ఐదేసి పెద్ద చక్రాలు, బోర్లించిన గిన్నెలాంటి టర్రెట్ (ఫిరంగి బిగించిన, తిరిగే పై గది). టీ-54, టీ-55, టీ-62లలో ఏదై ఉంటుంది?

జవాబు: ఫిరంగి సంగతి తర్వాత, ముందు చక్రాల మధ్య ఎడం చూడండి. మొదటి చక్రానికీ రెండోదానికీ మధ్య ఖాళీ ఎక్కువగా ఉండి మిగతావి దగ్గరదగ్గరగా ఉంటే అది టీ-54 లేదా టీ-55. మూడు-నాలుగు, నాలుగు-ఐదు చక్రాల మధ్య ఎడం ఎక్కువైతే టీ-62. లెక్క ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో తెలియకపోతే ట్రాక్‌ను (చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టాను) తిప్పే పళ్ల చక్రాన్ని వెతకండి. ఈ మూడింటికీ అది వెనకే ఉంటుంది. టీ-62 టర్రెట్ వెనక మరో గుర్తు కూడా ఉంది: పేల్చిన గుండు తాలూకు ఖాళీ తొడుగును బయటికి విసిరే చిన్న తలుపు.

ఇక 54కూ 55కూ తేడా. టర్రెట్ పైన, ముందు కుడివైపున పుట్టగొడుగులా గాలిగూడు కనిపిస్తే టీ-54. టీ-55కు అది లేదు. ఫొటో నేల మీంచి తీసినదైతే ఈ గూడు కనబడదు, కాబట్టి కాస్త ఎత్తు నుంచి తీసిన ఫొటో సంపాదించండి.

చక్రాలు తేలాకే ఫిరంగి. టీ-54ఏ, టీ-55ల 100 మి.మీ. గొట్టానికి పొగ లాగే ఉబ్బు సరిగ్గా మూతి దగ్గర ఉంటుంది. టీ-62 115 మి.మీ. గొట్టంలో అది మూతికి కొంత వెనక. దీన్ని మాత్రమే నమ్ముకున్నవాళ్లు బోల్తా పడేది ఇజ్రాయెల్ తిరాన్‌ల దగ్గర. స్వాధీనం చేసుకున్న టీ-54, 55లకు ఇజ్రాయెల్ 105 మి.మీ. ఫిరంగి బిగించింది. ఆ గొట్టానికి ఉబ్బు నడుమ ఉంటుంది, చక్రాలు మాత్రం పాతవే. అసలు ఉబ్బే లేకపోతే తొలినాటి టీ-54 కావచ్చు, లేదా ఎవరో అతికించిన ఉత్త ఇనప గొట్టమూ కావచ్చు. చైనా టైప్ 59 టీ-54ఏకు నకలు. పై రూపం చూసి దాన్ని విడదీయడం కష్టం, లోపలి పరికరాల మీది లిపి చూడాల్సిందే.

ప్రశ్న: షెర్మన్ అని బోర్డు ఉంది, రకం రాయలేదు. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: షెర్మన్ అంటే రెండో ప్రపంచయుద్ధపు అమెరికా ట్యాంకు ఎం4. బాడీ అంచులన్నీ గుండ్రంగా, పోత పోసినట్టు ఉంటే ఎం4ఏ1. కోణాలు తేరి, పలకలు వెల్డింగ్ చేసినట్టుంటే మిగతావాటిలో ఒకటి. అప్పుడు బోగీల మధ్య ఖాళీ చూడండి. పక్కకు మూడు బోగీలుంటాయి, ఒక్కోదానికి రెండు చక్రాలు. బోగీలు దూరం దూరంగా ఉంటే ఎం4ఏ4. క్రిస్లర్ కంపెనీ ఐదు కారు ఇంజిన్లను కలిపి చేసిన 30 సిలిండర్ల ఇంజిన్ పట్టడానికి దాని బాడీని సుమారు 28 సెం.మీ. పొడిగించారు. ట్రాక్ ముక్కలు లెక్కపెట్టినా తెలుస్తుంది: మామూలు షెర్మన్‌కు పక్కకు 79, ఎం4ఏ4కు 83. కానీ మరమ్మతుల్లో ముక్కలు తీయడం, కలపడం మామూలే. బోగీల ఖాళీయే నమ్మకమైన సాక్ష్యం.

ఎం4ఏ3ని పట్టేది ఇంజిన్ కప్పు. టర్రెట్ వెనక పెద్ద జాలీ తలుపులుంటాయి, కింద ఫోర్డ్ వీ8. మొదటి ఎం4కు ఆ చోట మూసిన పలక, దాని ముందు గాలి లాగే గూడు ఉంటాయి. సస్పెన్షన్ చూసి రకం చెప్పేవాళ్లను నమ్మకండి, పాత బాడీలకు వెడల్పు ట్రాక్‌ల కొత్త సస్పెన్షన్ తర్వాత బిగించినవి చాలా ఉన్నాయి.

వెనకవైపు లాగుడు కొక్కేల చెవుల మీద సీరియల్ నంబరు కొట్టి ఉంటుంది, రంగు పొరల కింద మరుగై ఉండవచ్చు. గీకకండి, పాత రంగులో సీసం ఉండవచ్చు. టార్చి వెలుగును పక్క నుంచి ఏటవాలుగా వేస్తే అంకెల నీడ తేలుతుంది. పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దినా చాలు.

ప్రశ్న: షెర్మన్ బాడీ మీద ఫ్రెంచ్ ఏఎంఎక్స్-13 టర్రెట్ ఉన్న ఫొటో చూశాను. ఎవరైనా కంప్యూటర్‌లో అతికించారా?

జవాబు: లేదు, అది నిజమైనదే. ఈజిప్టు ఎం4ఏ4ల మీద ఏఎంఎక్స్-13 తాలూకు ఎఫ్ఎల్-10 టర్రెట్ పెట్టింది. ఒకటి ఇజ్రాయెల్‌లోని లత్రూన్ మ్యూజియంలో ఉంది. ఆ టర్రెట్ రెండు ముక్కలు: కింది సగం పక్కలకు తిరుగుతుంది, ఫిరంగి బిగించిన పై సగం మొత్తంగా పైకీ కిందికీ ఊగుతుంది. రెండింటి మధ్య సందును కప్పే మడతల తొడుగు కనిపిస్తే మరో అనుమానం అక్కర్లేదు.

ప్రశ్న: ఒక ఫిరంగి బాడీలో, ఇంకొకటి టర్రెట్‌లో. ఇదేం ట్యాంకు?

జవాబు: అమెరికా ఎం3 కావచ్చు, ఫ్రెంచ్ షార్ బీ1 కావచ్చు. ట్రాక్ మొత్తం బాడీ చుట్టూ తిరిగితే బీ1. ఎం3లో చిన్న టర్రెట్ మీద మెషిన్ గన్ గూడు ఉంటే ‘లీ’ అనే రకం. ఆ గూడు లేకుండా టర్రెట్ వెనక్కి సాగి ఉంటే బ్రిటన్ కోరి చేయించుకున్న ‘గ్రాంట్’ రకం. ఎం3, బీ1 రెండింటిలోనూ బాడీలోని 75 మి.మీ. ఫిరంగి సిబ్బందికి కుడివైపే. ఎదురుగా తీసిన ఫొటోలో అది మీ కుడివైపు కనిపిస్తే ఫొటో అద్దంలోలా తిరగబడిందన్నమాట. పాత పత్రికల్లో ఇలా అచ్చయినవి బోలెడు.

ప్రశ్న: మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ ట్యాంకుల్లో ‘మేల్’, ‘ఫిమేల్’ తేడా ఏమిటి?

జవాబు: పక్క గూళ్లలో 6 పౌండర్ ఫిరంగులుంటే మేల్, మెషిన్ గన్‌లు మాత్రమే ఉంటే ఫిమేల్. ఒక పక్క ఫొటో చూసి తీర్పు చెప్పకండి. 1918 ఏప్రిల్ 24న ఫ్రాన్స్‌లోని విలేర్-బ్రెటొనో దగ్గర జర్మన్ ఏ7వీ ట్యాంకు ఎదురైనప్పుడు ఫిమేల్ ట్యాంకులు దాన్ని ఏమీ చేయలేకపోయాయి. ఆ తర్వాత ఒక పక్క ఫిరంగి, రెండో పక్క మెషిన్ గన్‌లు ఉన్న మిశ్రమ రకం వచ్చింది. వెనక తోకలా రెండు చక్రాలుంటే 1916 నాటి మార్క్ 1 అని అనుకోవచ్చు. తోక లేనంతమాత్రాన కాదనడానికి లేదు, చాలావాటికి యుద్ధంలోనే ఆ చక్రాలు తీసేశారు.

ప్రశ్న: సినిమాలో చూసిన టైగర్ అసలుదేనా?

జవాబు: జర్మనీ టైగర్ ట్యాంకు చక్రాలు ఒకదానిలోకి ఒకటి దూరి, వరసల మీద వరసలుగా ఉంటాయి, పళ్ల చక్రం ముందుంటుంది. సినిమాలో కనిపించినది విడివిడిగా ఐదు చక్రాలతో, పళ్ల చక్రం వెనక ఉండి, టర్రెట్ బాగా ముందుకు జరిగి ఉంటే, అది చుట్టూ రేకుల డబ్బా కట్టిన సోవియట్ టీ-34.