రిజిస్టర్డ్ ఏజెంట్‌గా నా పేరే పెట్టుకోవచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం. నాకు గ్రీన్‌కార్డు ఉంది. ఇంటి నుంచే బుక్‌కీపింగ్ చేద్దామని ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెడుతున్నాను. డెలావేర్ రాష్ట్రంలో పెట్టమంటున్నారు తెలిసినవాళ్లు. కంపెనీ తరఫున కోర్టు కాగితాలు అందుకునే రిజిస్టర్డ్ ఏజెంట్‌కి ఏడాదికి 249 డాలర్లట. నా పేరే ఇచ్చుకుంటే సరిపోదా? ఏటా డిసెంబరు, జనవరి నెలలు గుంటూరులో గడుపుతాం.

జవాబు: ముందు డెలావేర్ మాట వదిలేయండి. అక్కడ ఫైలింగ్ 110 డాలర్లే కానీ, ఏటా జూన్ 1లోగా 300 పన్ను కట్టాలి. అక్కడ ఉండరు గనక ఏజెంట్‌ని డబ్బిచ్చి పెట్టుకోక తప్పదు. పని జరిగేది టెక్సాస్‌లో కాబట్టి ఇక్కడ మళ్లీ 750 కట్టి నమోదు చేయించాలి, ఇక్కడా ఒక ఏజెంట్ ఉండాలి. నేరుగా టెక్సాస్‌లోనే ఫారం 205 (ఎల్‌ఎల్‌సీ స్థాపన పత్రం) వేస్తే 300తో పోతుంది.

ఇక్కడ మీరే ఏజెంట్‌గా ఉండొచ్చు. ఎల్‌ఎల్‌సీ మాత్రం తనకు తాను ఏజెంట్ కాకూడదు. టెక్సాస్‌లో అసలైన వీధి చిరునామా కావాలి, పీవో బాక్స్ చెల్లదు. పనివేళల్లో కోర్టు కాగితాలు అందుకునే మనిషి అక్కడ ఉండాలి. మీకు చిక్కు ఇక్కడే.

మీరు గుంటూరులో ఉండగా ఎవరో క్లయింట్ దావా వేశారనుకోండి. కాగితాలు తెచ్చినవాళ్లు రెండు మూడుసార్లు వచ్చి, తాళం చూసి వెళ్లిపోతారు. తర్వాత వాటిని సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి (రాష్ట్రంలో కంపెనీల నమోదు చూసే కార్యాలయం) అందజేయవచ్చు. 2026 జనవరి 7న అక్కడ అందాయంటే గడువు ఆ రోజు నుంచే లెక్క: 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం, అంటే ఫిబ్రవరి 2 ఉదయం 10 గంటలు. అక్కణ్నుంచి మీకు పంపిన కవరు ఇర్వింగ్ ఇంటి ఉత్తరాల డబ్బాలోనే పడి ఉంటుంది. జవాబు వేయకపోతే మీ వాదన వినకుండానే తీర్పు రావచ్చు.

కాబట్టి డాలస్‌లో పగలు ఇంట్లో ఉండే మీ ఆడపడుచో, స్నేహితురాలో ఒప్పుకుంటే వాళ్ల పేరు ఇవ్వండి. ఫారం 401-ఎ (ఏజెంట్‌గా ఉండటానికి ఒప్పుకోలు పత్రం) మీద సంతకం చేయించి దగ్గర ఉంచుకోండి, ఫైల్ చేయనక్కర్లేదు. ఎవరూ లేకపోతే ఏజెంట్ సేవలిచ్చే కంపెనీనే పెట్టుకోండి, కానీ 249 ఎక్కువే. 100-150కి దొరుకుతారు. "మొదటి ఏడాది ఉచితం" అన్నచోట రెండో ఏడాది ధర అడగండి. అలాంటి కంపెనీని పెట్టుకుంటే ఇంటి చిరునామా దాగుతుందన్న మాట సగమే నిజం. మేనేజర్‌గా మీ చిరునామా కూడా రికార్డులోకి ఎక్కుతుంది.

ఫీజు కట్టడం మరిచిపోతే ఏజెంట్ రాజీనామా చేయవచ్చు. సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి ఆ నోటీసు అందిన 31వ రోజుకు అది అమల్లోకి వస్తుంది. ఆలోపే ఫారం 401తో 15 డాలర్లు కట్టి కొత్త పేరు ఎక్కించండి. ఇల్లు మారినా అదే ఫారం.