ఎముక మూలుగ మార్పిడి తర్వాత జలుబు: ఆగకుండా ఇవాళే ఫోన్ చేయండి

మీ తమ్ముడికి దాత మూలుగ ఎక్కించి మూడు నెలలైందని, ఇంట్లో పాప నుంచి జలుబు అంటుకుందని, జ్వరం లేదు కాబట్టి రెండు రోజులు చూడొచ్చా అని అడిగారు. చూడొద్దండీ. ఇవాళే ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి ఫోన్ చేయండి.

జ్వరం లేదన్నది ఇక్కడ పెద్ద ధైర్యం కాదు. స్టెరాయిడ్లు వాడుతుంటే జ్వరం బయటపడకపోవచ్చు. అడగకుండా పారాసిటమాల్ వేయకండి, ఉన్న జ్వరాన్నీ అది దాచేస్తుంది. మనకైతే ముక్కు కారడంతో తగ్గిపోయే ఆర్‌ఎస్‌వీ, పారాఇన్‌ఫ్లుయెంజా లాంటి జలుబు వైరస్‌లు, మార్పిడి తర్వాత లింఫోసైట్లు (వైరస్‌లతో పోరాడే తెల్ల రక్తకణాలు) తక్కువగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియా తేగలవు. అందుకే ముక్కులోంచి స్వాబ్ తీసి పీసీఆర్ (ఏ వైరస్సో తేల్చే పరీక్ష) చేయించమని మీరే అడగండి. ఫ్లూ అయితే ఒసెల్టామివిర్ ఉంది, 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పారాఇన్‌ఫ్లుయెంజాకి మాత్రం ఇప్పటికీ ఖాయమైన మందు లేదు. కోవిడ్ అని తేలితే టాక్రోలిమస్ (మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందు) వాడుతున్న సంగతి తప్పక చెప్పండి, కోవిడ్ మందు పాక్స్‌లోవిడ్‌తో కలిస్తే రక్తంలో టాక్రోలిమస్ స్థాయి ప్రమాదకరంగా పెరుగుతుంది. అలాగని టాక్రోలిమస్ మీ అంతట మీరు ఆపేయకండి.

38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, ఆయాసం, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఫోన్లు మాని నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

పాపను వేరే గదిలో ఉంచండి (కష్టమే, తెలుసు). ఆసుపత్రికి వెళ్లేముందు జలుబుందని చెప్పండి, లేకపోతే వెయిటింగ్ హాల్లో మిగతా పేషెంట్లకూ అంటుతుంది. ఇంట్లో మిగతావాళ్లు ఫ్లూ టీకా వేయించుకోండి, ముక్కులో కొట్టే లైవ్ టీకా కాకుండా ఇంజెక్షన్.