పాఠకుల ప్రశ్నలు – జవాబులు: గుమ్మం దగ్గరి పిల్లిని ఇంట్లోకి తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: నాలుగు నెలలుగా మా గుమ్మం దగ్గరకు ఒక బూడిదరంగు పిల్లి వస్తోంది. పెట్టింది తిని నా కాళ్లకు ఒళ్లు రాసుకుంటుంది కానీ, ఎత్తుకోబోతే గింజుకుని పారిపోతుంది. ఒకసారి ఎలాగో పట్టుకుని లోపలికి తెస్తే, గంటసేపు కాలు కాలిన పిల్లిలా గదులన్నీ తిరిగి, తలుపు తెరవగానే దూకి వెళ్లిపోయి మూడు రోజులు కనిపించలేదు. దానికి ఏ హానీ కలగకుండా ఇంటికి తెచ్చుకోవాలంటే ఏం చేయాలి? మా ఇంట్లో ఇప్పటికే ఆరేళ్ల పిల్లి ఒకటి ఉంది.

జవాబు: మూడు రోజుల తర్వాతైనా మీ గుమ్మానికే తిరిగి వచ్చిందంటే దానికి మీమీద నమ్మకం పూర్తిగా పోలేదన్నమాట. ఆ నమ్మకాన్ని రెండోసారి పరీక్షకు పెట్టకుండా పని జరగాలి. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం వరకు మనిషి స్పర్శ ఎరగకుండా పెరిగిన పిల్లి పెద్దయ్యాక ఇలా కాళ్లకు రాసుకోవడం అరుదు. కాబట్టి మీ పిల్లి ఇంతకుముందు ఎవరి ఇంట్లోనో మెలిగినది కావచ్చు, తప్పిపోయినదీ కావచ్చు. ముందుగా ఆ సంగతి తేల్చుకోండి. దగ్గరకు వచ్చినప్పుడు మెడకు వదులుగా ఒక కాగితపు పట్టీ చుట్టి, దానిమీద ‘ఈ పిల్లి మీదేనా?’ అని రాసి మీ ఫోన్ నంబరు వేయండి. ఎక్కడైనా చిక్కుకుంటే కాగితం చిరిగిపోతుంది కనుక మెడకు ఉరి పడదు. ఒక చెవి కొస నేరుగా కత్తిరించినట్టు ఉంటే అది దెబ్బలాటలో తగిలిన గాయం కాకపోవచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలిపెట్టిన పిల్లులకు చాలాచోట్ల పెట్టే గుర్తు అది.

అది ఆడపిల్లి అయితే మరొకటి చూడాలి. పొట్టకింద చన్నులు ఉబ్బి, వాటి చుట్టూ బొచ్చు పలచబడి ఉంటే ఎక్కడో కూనలు ఉన్నాయని అనుమానించండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అనలేదు. అవి మీ కంటపడనంత మాత్రాన లేవనుకోకూడదు. తల్లిని గదిలో పెట్టి తలుపు వేస్తే అవి ఆకలితో చనిపోతాయి. మిగిలిన విషయాల్లో జరిగే పొరపాట్లను దిద్దుకోవచ్చు కానీ, దీన్ని దిద్దుకోలేము.

ఇక తీసుకురావడం. ఎంత మచ్చికైన పిల్లినైనా చేతుల్లో పెట్టుకుని వీధి దాటించకండి. ఒక్క హారన్ మోతకు, ఒక్క కుక్క అరుపుకు అది మీ భుజాన్ని చీల్చుకుని నేరుగా చక్రాల కిందికి దూకగలదు. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన, పైనుంచి కూడా తెరుచుకునే క్యారియర్ (పిల్లిని తీసుకెళ్లే పెట్టె) మేలు. దాని తలుపు ఊడదీసి, లోపల మీరు వాడిన పాత బట్ట పరిచి, పిల్లి రోజూ తినే చోటనే పెట్టి వదిలేయండి. తిండి గిన్నెను మొదట పక్కన, తర్వాత క్యారియర్ నోటి దగ్గర, ఆపైన రోజుకు నాలుగు వేళ్ల మేర లోపలికి జరుపుతూ పోవాలి. మొదటి రోజుల్లో అది వెనక కాళ్లు బయటే ఉంచి, పొట్ట నేలకు ఆనించి, మెడ సాచి, చెవులు వెనక్కి తిప్పుకుని తింటుంది. తోకతో సహా లోపలికి వెళ్లి, తిన్నాక అక్కడే కూర్చుని ముంజేతితో మూతి తుడుచుకోవడం మొదలుపెట్టాక తలుపు మళ్లీ బిగించి, ఒకటి రెండు రోజులు తెరిచే ఉంచి, అప్పుడు మూయండి. దీనికి వారం పట్టవచ్చు, నెల పట్టవచ్చు. మూసిన వెంటనే పైన మందమైన తువ్వాలు కప్పండి. చుట్టూ చీకటిగా ఉంటే పిల్లి త్వరగా నెమ్మదిస్తుంది.

అక్కడి నుంచి ఇంటికి కాదు, నేరుగా పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి. చర్మం కింద మైక్రోచిప్ ఉందేమో స్కానర్‌తో చూడమనండి. ఉంటే సాధారణంగా 15 అంకెల సంఖ్య కనిపిస్తుంది, దానితో యజమానిని వెతకవచ్చు. లేకపోతే పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ అనే వైరస్‌లకు రక్తపరీక్షలు, నులిపురుగుల మందు, టీకాలు, ఆపరేషన్ ఎప్పుడన్నది ఆయనతో మాట్లాడి నిర్ణయించుకోండి. నాలుగైదు నెలల వయసుకే పిల్లి చూలు కట్టగలదు, రెండు నెలలకు ఈనుతుంది కనుక ఆపరేషన్‌ను వాయిదా వేయవద్దు. ఒంటిమీది పురుగులకని కుక్కల మందు మాత్రం ఎన్నడూ పూయకండి. కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం. పారాసిటమాల్ కూడా అంతే.

ఇంట్లో దానికి మొదట ఒక్క గదే ఇవ్వాలి. మీ పాత పిల్లి కోసం కనీసం రెండు వారాలు ఈ దూరం పాటించడం అవసరం. పిల్లులకు వచ్చే పాన్‌ల్యూకోపీనియా వంటి వ్యాధి బయటపడటానికి రెండు వారాల దాకా పట్టవచ్చు, దాని వైరస్ ఇంటి పరిసరాల్లో ఏడాది వరకూ బతికి ఉండగలదు. కిటికీలకు జాలీ బిగువుగా ఉందో లేదో వేలితో నొక్కి చూడండి, లిల్లీ పూలుంటే ఇంట్లోంచే తీసేయండి. ఆ పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి. మలమూత్రాలకు వాడే లిట్టర్ ట్రే ఒక మూల, తిండి, నీళ్లు దానికి దూరంగా మరో మూల ఉంచండి. క్యారియర్‌ను తీసేయకండి, ఆ గదిలో దానికి తెలిసిన చోటు అదొక్కటే. అది మంచం కింద దూరి రోజంతా బయటికి రాకపోతే బాధపడి లాగకండి. రోజూ కాసేపు నేలమీద కూర్చుని మీ పని మీరు చేసుకుంటూ, కళ్లు కలిసినప్పుడు రెప్పలు నెమ్మదిగా మూసి తెరవండి. అయితే పూర్తిగా ఒక రోజు ఏమీ తినకపోతే వైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే తిండి మానిన పిల్లికి కొద్ది రోజుల్లోనే కాలేయం దెబ్బతింటుంది. మగపిల్లి ట్రేలో పదేపదే కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే అది అత్యవసరం, తెల్లవారే దాకా ఆగవద్దు.

రెండు పిల్లులకు పరిచయం వాసనతో జరగాలి. ఒకదాని బుగ్గలకు రాసిన బట్టను రెండోదాని దగ్గర పెట్టి, మూసిన తలుపుకు అటూ ఇటూ తిండి పెట్టి, బుసలు తగ్గాకనే తలుపు కొద్దిగా తీయండి. ట్రేలు పిల్లుల లెక్క కంటే ఒకటి ఎక్కువగా, అంటే మీకు మూడు, ఉండాలి.

ప్రశ్న: తిండి పెడుతుంటే వీధి పిల్లి గీరింది. చిన్న గీతే, నెత్తురు చుక్క మాత్రమే వచ్చింది. పట్టించుకోవాలా?

జవాబు: తప్పకుండా పట్టించుకోవాలి. వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుడికి చూపించండి. పిల్లుల నుంచి కూడా రేబిస్ సోకుతుంది, లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. టీకా వేళకు పడితే మాత్రం వ్యాధి రాకుండా ఆగుతుంది.

ప్రశ్న: మెట్ల కింద కళ్లు తెరవని కూనలు రెండు ఉన్నాయి. తల్లి కనిపించడం లేదు. ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: అవి శుభ్రంగా, వెచ్చగా, కడుపు నిండి నిద్రపోతుంటే తల్లి తిండికి వెళ్లి ఉంటుంది, మీరు అక్కడే నిలబడితే అది రాదు, కాబట్టి దూరం నుంచి కొన్ని గంటలు గమనించండి. ఒళ్లు చల్లబడి ఆగకుండా అరుస్తుంటే మాత్రం వేచి ఉండకూడదు. ముందు వెచ్చదనం ఇవ్వండి, ఆ తర్వాతే పాలు. చల్లగా ఉన్న కూన తాగింది అరిగించుకోలేదు. ఆవుపాలు విరేచనాలు తెస్తాయి కనుక కూనల కోసం తయారుచేసిన పాలపొడే వాడి, బోర్లా పడుకోబెట్టి పట్టించండి. వెల్లకిలా పట్టిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి తిరిగి వస్తే ఎనిమిది వారాలు నిండేదాకా దాని దగ్గరే ఉండనివ్వండి.