28 ఏళ్లకు నల్లకోటు వేసుకున్న ఎర్‌స్కిన్

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. లాయర్ కావాలని కోరిక. 18వ శతాబ్దపు బ్రిటిష్ లాయర్ థామస్ ఎర్‌స్కిన్ కూడా పెళ్లయి పిల్లలు పుట్టాకే లాయర్ అయ్యాడని చదివాను. నేనూ ధైర్యం చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. కానీ ఆయన కథ సగమే చదివి రేపే రాజీనామా ఇవ్వకండి.

ఎర్‌స్కిన్ 1750లో ఎడిన్‌బరోలో పుట్టాడు. తండ్రి బుకన్ ఎర్ల్. బిరుదు పెద్దదే, ఇంట్లో డబ్బు మాత్రం లేదు. చిన్నకొడుకును చదివించే స్తోమత లేక 14 ఏళ్లకే నౌకాదళంలోకి పంపారు. తర్వాత సైన్యంలో చేరాడు. 20 ఏళ్లకు ఫ్రాన్సెస్ మూర్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1775లో లండన్‌లో లాయర్లను తయారుచేసే లింకన్స్ ఇన్‌లో చేరి, 1778లో బారిస్టర్ అయ్యాడు.

ఐదేళ్లు పట్టే ఆ చదువు ఆయనకు మూడేళ్లలోనే ఎలా పూర్తయింది? ఎర్ల్ కొడుకు కాబట్టి కేంబ్రిడ్జ్ డిగ్రీ పరీక్ష లేకుండానే దక్కింది, ఆ డిగ్రీతో గడువు తగ్గింది. అన్న హెన్రీ కూడా అప్పటికే స్కాట్లాండ్‌లో న్యాయవాది. ఈ సౌకర్యాలు మనకు ఉండవు.

మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఆయన మొదటి కేసును. గ్రీనిచ్‌లో ముసలి నావికుల ఆశ్రమంలో జరిగే అక్రమాలను కెప్టెన్ బెయిలీ బయటపెట్టాడు. ఆయన మీద పరువునష్టం కేసు పడింది. ఆయన తరఫు లాయర్లలో ఎర్‌స్కిన్ అందరికంటే జూనియర్. నావికుల కష్టం ఎర్‌స్కిన్ పుస్తకాల్లో చదివింది కాదు, ఓడ మీద చూసింది. నౌకాదళ మంత్రి శాండ్‌విచ్ పేరు ఎత్తవద్దని జడ్జి వారించినా ఆగలేదు. కేసు గెలిచాడు. ఆ రోజు అంత ధైర్యం ఎలా వచ్చిందని అడిగితే, పిల్లలు గౌను పట్టుకుని లాగుతూ అన్నం అడుగుతున్నట్టు అనిపించిందన్నాడట. ఈ మాట చదివినప్పుడల్లా నాకు మనసు కదిలిపోతుంది.

ఆయనకు ఓడ ఎలాగో మీకు మీ ల్యాబ్ అలాగే. నాసిరకం మందుల కేసులు, ఫార్మా పేటెంట్ల వివాదాల్లో మందు తయారీ వివరాలుండే బ్యాచ్ రికార్డు చదవగల లాయర్‌కు విలువ ఉంటుంది. ఆ ఆరేళ్లు వృథా అనుకోకండి.

ఇక దారి: లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. అది రెగ్యులర్ కోర్సు, హాజరు తప్పనిసరి. దూరవిద్యలో చేస్తే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ దొరకదు. తర్వాత జూనియర్‌గా మొదటి రెండేళ్లు చేతికి పెద్దగా ఏమీ రాదు. అంటే ఐదేళ్ల ఇంటి ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. అసలు టెన్షన్ చదువుది కాదు, ఈ లెక్కది.

ఎర్‌స్కిన్ 1783లో పోర్ట్స్‌మౌత్ నుంచి పార్లమెంటుకు వెళ్లాడు, 1806లో అక్కడి న్యాయవ్యవస్థలో అత్యున్నత పదవి అయిన లార్డ్ ఛాన్సలర్ అయ్యాడు. పేదరికంలో తోడున్న ఫ్రాన్సెస్ అంతకు కొద్ది వారాల ముందే, 1805 డిసెంబరులో చనిపోయింది. ఆ పదవి ఆమె చూడలేదు.

మీ ఉత్తరంలో మీ భార్య ఏమనుకుంటున్నారో ఒక్క మాటా లేదు. లాసెట్ ఫారం నింపే ముందు ఆమెతో కూర్చుని ఆ ఐదేళ్ల లెక్క కాగితం మీద రాయండి. ఆ కాగితంతో మళ్లీ నాకు రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.