లేత్ మీద తిప్పాక రంగు ఎపాక్సీ ఎందుకు పలచబడుతుంది, బుడగలు ఎక్కడివి?

పగుళ్లున్న చెక్క దిమ్మెలో నీలం ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) పోసినప్పుడు ముదురుగా కనిపించిన రంగు, లేత్ (దిమ్మెను గిర్రున తిప్పే యంత్రం) మీద గిన్నె తయారయ్యేసరికి లేతగా తేలిందనీ, పైగా బుడగలు బయటపడ్డాయనీ అడిగారు. ఎపాక్సీ పోసిన గిన్నెలు నేనూ చేస్తుంటాను కాబట్టి చెబుతున్నాను.

రంగు ఎక్కడికీ పోలేదు. దిమ్మెలో మీరు చూసింది అంగుళాల మందమున్న నీలం. గిన్నె గోడలో మిగిలింది అయిదారు మిల్లీమీటర్లు. ద్రవ రంగులు వెలుతురును లోపలికి పోనిస్తాయి, మందం తగ్గేకొద్దీ తేలిపోతాయి. అందుకే నేను రంగు కలపగానే ఒక ప్లాస్టిక్ మూతలో గోడ మందమంతే పోసి, వెలుతురుకెత్తి చూస్తాను. అక్కడ నచ్చితేనే అసలు పోత. చిక్కగా కావాలంటే మైకా పొడి (మెరిసే రంగు పొడి) గానీ, కొద్దిగా పిగ్మెంట్ పేస్ట్ (చిక్కటి రంగు ముద్ద) గానీ కలపండి. మొత్తం బరువులో రంగు 5 శాతం దాటితే రెసిన్ సరిగా గట్టిపడకపోవచ్చు. నీళ్ల రంగుల జోలికి మాత్రం పోకండి.

బుడగల్లో చాలావరకు చెక్కవే. రెసిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడికి చెక్క రంధ్రాల్లోని గాలి ఉబ్బి బయటికొస్తుంది. టార్చ్ మంట పైపైన ఉన్నవాటినే పగలగొడుతుంది, లోపలివాటిని ఏమీ చేయలేదు. చెక్కలో తేమ 12 శాతం లోపే ఉండాలి. ముందు చెక్కకు పలచగా ఒక రెసిన్ పూత వేసి, అది జిగటగా ఉండగానే పోయండి. టేబుల్ పైపూతకు వాడే రకాన్ని ఒకేసారి మందంగా పోస్తే పొగలొస్తాయి, పగులుతుంది. లోతు పోతకు వేరే రకం ఉంది, నిదానంగా గట్టిపడుతుంది, అదే తీసుకోండి.

లేత్ మీదికి ఎక్కించే తొందర వద్దు. బాగా గట్టిపడిన రెసిన్ నుంచి, ఉలి పదునుగా ఉంటే, పొడవాటి రిబ్బన్లు లేస్తాయి. చూడ్డానికి భలే ఉంటాయి గానీ చక్‌కి (దిమ్మెను పట్టి తిప్పే భాగానికి) చుట్టుకుంటాయి, లేత్ ఆపాకే లాగండి. తెల్లటి పొడి రాలుతోందంటే ముందు ఉలికి పదును పెట్టండి. శాండ్‌పేపర్ పట్టేటప్పుడు వేలికి వేడి తగిలితే ఆగాలి, వేడికి ఎపాక్సీ మెత్తబడి కాగితానికి అంటుకుంటుంది. ముదురు రంగులో ప్రతి గీతా కనిపిస్తుంది కాబట్టి ఒక నంబర్ శాండ్‌పేపర్‌తో ముందటి గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి నంబర్‌కి వెళ్లండి. మాస్క్, గ్లౌజులు తప్పనిసరి. పచ్చి రెసిన్ చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి అలర్జీ వస్తుంది, వచ్చాక పోవడం కష్టం.

ఇప్పుడున్న గిన్నెలో బుడగల గుంటలను అదే నీలం రెసిన్ కొంచెం కలిపి నింపి, గట్టిపడ్డాక మళ్లీ నునుపు చేయొచ్చు. రంగును మాత్రం ఇక ముదురు చేయలేరు. పారవేయకండి, లోపల చిన్న లైటు పెట్టి చూడండి, లేత నీలం అక్కడే బాగుంటుంది.